జట్టే డోపింగ్ చేయించినప్పుడు తప్పెవరిది? సైక్లింగ్ కేసులు చెప్పే సమాధానం

అడిగిన ప్రశ్నలో మూడు భాగాలున్నాయి. ప్రొఫెషనల్ సైక్లింగ్‌లో జట్టే దగ్గరుండి మందులు వాడించిన సందర్భాల్లో పట్టుబడిన రైడర్లను మాత్రమే దోషులుగా నిలబెట్టడం న్యాయమా? "అందరూ వాడారు కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం" అనే వాదనలో పస ఉందా? రద్దయిన టైటిళ్లను రెండో స్థానంలో నిలిచినవారికి ఇవ్వాలా? క్రీడా క్రమశిక్షణ విచారణల్లో న్యాయవాదిగా చాలాకాలం పనిచేసిన అనుభవంతో, బహిరంగంగా నమోదైన కేసుల ఆధారంగా ఈ సమాధానం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. తప్పు మొత్తాన్ని ఒక రాశిగా పోసి, ఎవరికెంత వాటా అని పంచడం దగ్గరే మన ఆలోచన దారి తప్పుతోంది. జట్టు డైరెక్టర్ తప్పు పెద్దదని రుజువైనంత మాత్రాన రైడర్ తప్పు చిన్నది కాదు; పాలక సంస్థ కళ్లు మూసుకుందని తేలినందువల్ల డాక్టర్ బాధ్యత తగ్గదు. ఎవరి తప్పు వారిది, అది పూర్తిగా వారిదే. దాని బరువును తూచడానికి నేను రెండు విషయాలు చూస్తాను. కాదనడానికి ఆ మనిషికి ఎంత వెసులుబాటు ఉండేది అన్నది ఒకటి. కాదన్నవారిని, నిజం చెప్పినవారిని ఆ మనిషి ఏం చేశాడన్నది రెండోది. ఈ రెండింటినీ పట్టి చూస్తే సైక్లింగ్‌లో శిక్షలు చాలావరకు తలకిందులుగా పడ్డాయి: వెసులుబాటు తక్కువ ఉన్నవారికి ముందుగా, ఎక్కువ ఉన్నవారికి ఆలస్యంగా పడ్డాయి, కొందరికి అసలు పడనే లేదు.

జట్టు స్థాయి డోపింగ్ ఎలా నడుస్తుందో ఒక్క రక్తపు సంచి ప్రయాణం చూస్తే తెలుస్తుంది. ఎర్ర రక్తకణాలను పెంచే ఈపీవో మందును మూత్రంలో గుర్తించే పరీక్ష 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వచ్చి, 2001లో సైక్లింగ్‌లో అమలయ్యాక, ఆ పరీక్షకు దొరకని దారిగా జట్లు పాత పద్ధతిని మళ్లీ చేపట్టాయి. రైడర్ నుంచి అర లీటరు రక్తం తీసి, కొన్ని వారాలు దాచి, మూడు వారాల రేసులో అలసట ముదిరే దశలో తిరిగి అతనికే ఎక్కించడం ఆ పద్ధతి. శీతల స్థితిలో ఉంచిన ఎర్రకణాలు సుమారు ఆరు వారాలకు మించి నిలవవు కాబట్టి, ఏ రోజు తీయాలో, ఏ స్టేజీ (రేసులో ఒక రోజు పందెం) తరవాత ఎక్కించాలో రేసు క్యాలెండర్ ముందు పెట్టుకొని లెక్కకట్టగల డాక్టర్ ఒకరు కావాలి. తీసిన రక్తాన్ని ఎక్కడో దాచాలి, సరిహద్దులు దాటించాలి, వేళకు హోటల్‌కు చేర్చాలి.

అమెరికా తపాలా శాఖ స్పాన్సర్ చేసిన యూఎస్ పోస్టల్ జట్టులో ఇది ఎలా జరిగిందో ఆ జట్టు రైడర్ ఫ్లాయిడ్ లాండిస్ 2010లో బయటపెట్టాడు. అతను చెప్పినదాని ప్రకారం, 2003లో స్పెయిన్‌లోని గిరోనాలో, ఏడు టూర్ డి ఫ్రాన్స్‌లు గెలిచి తరవాత ఆ టైటిళ్లన్నీ కోల్పోయిన జట్టు నాయకుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ అపార్ట్‌మెంట్‌లో ఉన్న ఒక ఫ్రిజ్‌లో రక్తపు సంచులు ఉండేవి. ఆర్మ్‌స్ట్రాంగ్ ఊళ్లో లేనప్పుడు అక్కడే ఉండి, కరెంటు పోకుండా, ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత మారకుండా చూసే పని లాండిస్‌కు అప్పగించారు. 2004లో, మూడు వారాలు సాగే ఆ టూర్ డి ఫ్రాన్స్ రేసులో ఒక స్టేజీ ముగిసి హోటల్‌కు వెళుతుండగా, జనసంచారం లేని కొండదారిలో జట్టు బస్సు ఆగింది. ఇంజన్ పాడైనట్టు డ్రైవర్ నటిస్తున్నంతసేపూ లోపల రైడర్లకు రక్తం ఎక్కుతూనే ఉంది.

ఆ బస్సు చుట్టూ ఎంతమంది చేతులు ఉన్నాయో గమనించండి. రక్తం తీసిన డాక్టర్, సంచులు మోసుకొచ్చిన మనిషి, బస్సు ఎక్కడ ఆపాలో తెలిసిన డ్రైవర్, మొత్తం ఏర్పాటుకు అనుమతి ఇచ్చిన డైరెక్టర్, వీటన్నిటి ఖర్చు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిన నిర్వాహకులు ఉన్నారు. కానీ పరీక్షలో పాజిటివ్ వస్తే పేపర్లో పడేది ఒక్క రైడర్ పేరే. పరీక్ష చూసేది శరీరాన్ని, ఆ శరీరం రైడర్‌ది. శరీరంలో నిషిద్ధ పదార్థం దొరికితే అది ఎలా వచ్చిందన్నదానితో పని లేకుండా ఉల్లంఘన జరిగినట్టే అని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' నియమావళి చెబుతుంది. ఆ నియమాన్ని నేను సమర్థిస్తాను. అది లేకపోతే ప్రతి ఒక్కరూ "నాకు తెలియకుండా ఇచ్చారు" అని బయటపడతారు. అయితే ఆ నియమం కేసును మొదలుపెట్టడానికి పనికివస్తుంది. చాలాకాలం పాటు సంస్థలు దాన్నే కేసు ముగింపుగా వాడుకున్నాయి.

ఇక్కడ 1998 నాటి ఫెస్టినా వ్యవహారాన్ని కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే తరవాతి వాదనలన్నీ అందులోనే మొలకెత్తాయి. టూర్ మొదలవడానికి మూడు రోజుల ముందు, జులై 8న, ఫెస్టినా జట్టు సహాయకుడు విల్లీ వోట్‌ను బెల్జియం, ఫ్రాన్స్ సరిహద్దులో కస్టమ్స్ అధికారులు ఆపారు. అతని కారులో ఈపీవో, గ్రోత్ హార్మోన్, టెస్టోస్టిరాన్ పెద్ద మొత్తంలో దొరికాయి. కొద్ది రోజులకే జట్టు డైరెక్టర్ బ్రూనో రూసెల్ తప్పు ఒప్పుకున్నాడు, జట్టును టూర్ నుంచి పంపేశారు. రైడర్ల సంపాదనలో కొంత భాగం తీసి ఒక ఉమ్మడి నిధిగా పెట్టి, దానితో మందులు కొన్నారని విచారణలో బయటపడింది. అంటే వాడినవారే తమ డబ్బుతో కొన్నారు, కొనే ఏర్పాటు మాత్రం జట్టు చేసింది.

రూసెల్ ఇచ్చుకున్న సంజాయిషీని ఇప్పటికీ చాలామంది నిర్వాహకులు వేరే మాటల్లో చెబుతుంటారు: రైడర్లు ఎలాగూ వాడతారు, తమకు తోచినట్టు వాడి ప్రాణం మీదికి తెచ్చుకోవడం కన్నా డాక్టర్ పర్యవేక్షణలో వాడటం మేలు. వినడానికి దయగా ఉండే ఈ వాదన నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా తోస్తుంది. పర్యవేక్షణ పేరుతో జట్టు చేసిందేమిటంటే, ఒక్కొక్కరు దొంగచాటుగా చేసే తప్పును ఉద్యోగంలో భాగం చేసింది. కొత్తగా చేరిన కుర్రాడికి డాక్టర్ చీటీ రాస్తే అది నేరంలా కనబడదు, వైద్యంలా కనబడుతుంది. జట్టులో ఉన్న ఒకే ఒక్క డాక్టర్ ఆ పనిలో ఉన్నప్పుడు, దాని వల్ల తన ఆరోగ్యానికి ముప్పు ఉందా అని ఆ కుర్రాడు ఇంకెవరిని అడగాలి? ఆరోగ్యాన్ని కాపాడతానన్నవాడే అడిగే దారిని మూసేశాడు.

ఆ కేసు 2000లో లీల్ కోర్టుకు వచ్చినప్పుడు తప్పు పంపకం ఎంత వింతగా జరిగిందో చూడండి. ఫ్రెంచి చట్టం ప్రధానంగా సరఫరా చేసినవారిని, ప్రోత్సహించినవారిని పట్టుకుంది. రూసెల్‌కు, వోట్‌కు అమలు నిలిపిన జైలుశిక్షలు, జరిమానాలు పడ్డాయి. రెండేళ్లకు పైగా అబద్ధమాడి చివరికి కోర్టులోనే ఒప్పుకున్న స్టార్ రైడర్ రిషార్ విరెంక్‌ను కోర్టు నిర్దోషిగా వదిలింది. అతనిపై నిషేధం సైక్లింగ్ సమాఖ్య విధించింది. కోర్టు ఒక వరసను, క్రీడ ఇంకో వరసను పట్టుకున్నాయి. రెంటినీ ఒకే బల్ల మీద పెట్టి చూసినవారు లేరు. మందులకు పునాది వేసిన ఆర్థిక ఏర్పాటు గురించి, పాలక సంస్థ అప్పటిదాకా ఏం చేస్తోందన్న దాని గురించి ఎవరూ శిక్ష ఎదుర్కోలేదు.

ఇక రైడర్ల తప్పు సంగతి. వారికి వెసులుబాటు తక్కువన్నది నిజం. కాంట్రాక్టు ఒకటి రెండేళ్లకు మించదు. జట్టు ఆదాయం దాదాపు మొత్తం స్పాన్సర్ నుంచే వస్తుంది, టీవీ హక్కుల డబ్బులో జట్లకు చెప్పుకోదగ్గ వాటా ఉండదు, కాబట్టి స్పాన్సర్ తప్పుకుంటే జట్టే ఉండదు. ఇరవై ఏళ్లకే చదువు వదిలేసి వచ్చిన వ్యక్తికి ఇంకో ఉద్యోగం చేతిలో ఉండదు. ఇవన్నీ శిక్ష తగ్గించడానికి కారణాలు అవుతాయి. తప్పు లేదనడానికి మాత్రం కావు. ఎందుకంటే కాదన్నవాడు అదే జట్టులో, అదే ఒత్తిడిలో ఉన్నాడు. ఫెస్టినాలో క్రిస్తోఫ్ బాసోన్స్ మందులు ముట్టుకోలేదని అతని తోటి రైడర్లే పోలీసులకు చెప్పారు. అంటే రెండో దారి ఉంది. అది సంపాదన తగ్గే దారి, ఒంటరి చేసే దారి, కానీ దారే. "ఆ రోజుల్లో తప్పలేదు" అని ఎవరైనా అన్న ప్రతిసారీ బాసోన్స్ పేరు గుర్తుచేయాలని నేను గట్టిగా అనుకుంటాను. అతను చేసినదాన్ని అసాధ్యమని చెప్పడం అతనికి జరిగిన రెండో అన్యాయం.

"అందరూ వాడారు, కాబట్టి పోటీ సమానమే" అనే వాదన లెక్కలోనే నిలవదు. రక్తంలో ఎర్రకణాల శాతాన్ని హెమటోక్రిట్ అంటారు. ఈపీవోను గుర్తించే పరీక్ష లేని రోజుల్లో, 1997లో, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఆ శాతం 50 దాటితే రైడర్‌ను రెండు వారాలు పక్కన పెట్టే నియమం తెచ్చింది. సహజంగా 40 ఉన్న రైడర్ మందుతో 50కి చేరితే ఎర్రకణాల వాటా నాలుగో వంతు పెరుగుతుంది. సహజంగా 47 ఉన్నవాడికి అదే గీత దాకా పెరిగేది ఆరు శాతమే. పైగా మందుకు ఒక్కొక్కరి శరీరం ఒక్కోలా స్పందిస్తుంది, మంచి డాక్టర్‌ను కొనుక్కునే స్తోమత అందరికీ ఒకేలా ఉండదు. ఇటలీ డాక్టర్ మికేలే ఫెరారీకి ఆర్మ్‌స్ట్రాంగ్ ఏళ్ల తరబడి చెల్లించిన మొత్తం పది లక్షల డాలర్లు దాటిందని అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ బయటపెట్టింది. చిన్న జీతంతో నెట్టుకొచ్చే సహాయక రైడర్‌కు అది ఏ రకంగా సమానం? వాడనివాడి సంగతి సరేసరి, వాడినవాళ్లలో కూడా ఎవరు మెరుగో ఆ ఫలితాలు చెప్పవు.

ఆ 50 శాతం నియమాన్ని తెచ్చినందుకు యూసీఐని కొందరు తిడతారు. నేను పూర్తిగా అంగీకరించను. గుర్తించే పరీక్ష లేనప్పుడు, రక్తం చిక్కబడి ప్రాణాపాయం వచ్చే స్థాయికి ఎవరూ వెళ్లకుండా ఒక గీత గీయడం అర్థం లేని పని కాదు. కానీ ఆ గీత జట్లకు లక్ష్యంగా మారింది, హోటల్ గదుల్లోకి రక్తం కొలిచే చిన్న యంత్రాలు వచ్చాయి, పరీక్షకు ముందు సెలైన్ ఎక్కించి శాతాన్ని కిందికి దించడం మామూలైంది. ఇది జరుగుతోందని తెలిశాక కూడా సమాఖ్య దాన్ని అదుపులో ఉంచితే చాలనుకుంది, నిర్మూలించాలనుకోలేదు.

సమాఖ్య అసలు తప్పు వేరే చోట ఉంది. యూసీఐ స్వయంగా నియమించిన స్వతంత్ర సంస్కరణల కమిషన్, డిక్ మార్టీ అధ్యక్షతన, 2015 మార్చిలో ఇచ్చిన నివేదిక ఈ విషయంలో తప్పక చదవదగినది. ఫెస్టినా తరవాత పరువు పోయిన క్రీడకు, క్యాన్సర్ నుంచి కోలుకొని గెలిచిన అమెరికన్ రైడర్ దేవుడిచ్చిన వరంలా కనిపించాడని, అందుకే అతనికి నియమాలు వంచారని ఆ నివేదిక సారాంశం. 1999 టూర్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ నమూనాలో కార్టికోస్టిరాయిడ్ అనే నిషిద్ధ మందు జాడ దొరికింది. పరీక్ష పత్రంలో అతను ఏ మందూ వాడుతున్నట్టు రాయలేదు. అప్పుడు జట్టు డాక్టర్ సీటు పుండ్లకు పూసే లేపనం రాసినట్టు పాత తేదీతో ఒక చీటీ సృష్టించారని జట్టులో మాలిష్ చేసే ఎమ్మా ఓరైలీ చెప్పింది. ఆర్మ్‌స్ట్రాంగ్ 2013లో అది నిజమేనని ఒప్పుకున్నాడు. ముందుగా చూపని చీటీని అంగీకరించడానికి నియమాలు ఒప్పుకోవు. యూసీఐ అంగీకరించింది. ఆ ఒక్క రోజున నియమం ప్రకారం నడిచి ఉంటే ఆ తరవాతి ఏడేళ్ల చరిత్ర వేరేగా ఉండేది.

అక్కడితో ఆగలేదు. తాను పరీక్షించవలసిన రైడర్ నుంచే సమాఖ్య విరాళాలు తీసుకుంది. 1999 నాటి నమూనాల్లో ఈపీవో ఉందని 2005లో ఫ్రెంచి పత్రిక లెకిప్ రాసినప్పుడు, విచారణకు ఒక డచ్ న్యాయవాదిని నియమించి, ఆ నివేదిక రాయడంలో ఆర్మ్‌స్ట్రాంగ్ పక్షానికీ చేయి కలిపే అవకాశం ఇచ్చింది. అతను 2009లో మళ్లీ పోటీకి వచ్చినప్పుడు, పరీక్షల జాబితాలో ఆరు నెలలు ఉండి తీరాలన్న నియమాన్ని పక్కనపెట్టి ముందుగానే ఆస్ట్రేలియా రేసులో దిగనిచ్చారు. ఆ అనుమతి వచ్చిన రోజే అతను ఐర్లండ్ రేసులో పాల్గొంటానని చెప్పాడు. అప్పటి యూసీఐ అధ్యక్షుడు పాట్ మెక్వైడ్ ఐర్లండ్ వాడు. లంచం తీసుకున్నట్టు ఆధారం దొరకలేదని కమిషన్ స్పష్టంగా చెప్పింది, ఆ మాట కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. అయినా నా కొలమానంలో ఇది రైడర్ తప్పు కన్నా బరువైనది. కాదనే అధికారం పూర్తిగా చేతిలో ఉండి, కాదంటే ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా, నియమాన్ని కాపాడటమే తన పనిగా ఉన్నవారు చేసిన పని ఇది. అయినా అప్పటి అధ్యక్షులెవరికీ దీనికి ఒక్క రోజు నిషేధం కూడా పడలేదు.

డాక్టర్ల విషయంలో చట్టం ఎంత తేడా తెస్తుందో రెండు కేసులు చూపిస్తాయి. 2006 మేలో మాడ్రిడ్‌లో డాక్టర్ యూఫెమియానో ఫ్వెంతెస్ దగ్గర సుమారు 200 రక్తపు సంచులు దొరికాయి. డోపింగ్‌ను నేరంగా చూసే చట్టం అప్పటికి స్పెయిన్‌లో లేదు కాబట్టి ప్రజారోగ్యానికి హాని చేశాడన్న నేరం మోపారు. 2013లో ఏడాది శిక్ష, అదీ అమలు నిలిపి, వేశారు. సంచులను ధ్వంసం చేయమని జడ్జి ఆదేశించారు. 2016లో పై కోర్టు ఆ చట్టం ప్రకారం రక్తం ఔషధం కాదంటూ అతన్ని విడిచిపెట్టి, సంచులను డోపింగ్ నిరోధక సంస్థలకు ఇవ్వమంది. అప్పటికి పదేళ్లు గడిచాయి, సంచుల్లోని రక్తం ఎవరిదో తేలినా శిక్షించే గడువు తీరిపోయింది. మధ్యలో శిక్ష పడింది ఇవాన్ బాస్సో, అలెహాంద్రో వల్వెర్దే వంటి కొందరు రైడర్లకు. వల్వెర్దేను పట్టుకున్నది కూడా స్పెయిన్ కాదు. 2008 టూర్ ఇటలీలోకి వచ్చినప్పుడు తీసిన అతని నమూనా డీఎన్‌ఏను ఇటలీ అధికారులు ఒక సంచితో పోల్చి చూశారు. దీని పక్కన 2019లో ఆస్ట్రియాలో స్కీయింగ్ పోటీల వేళ బయటపడిన రక్త డోపింగ్ ముఠాను పెట్టి చూడండి. జర్మనీలో 2015లోనే డోపింగ్ నిరోధక చట్టం వచ్చింది, అందుకే ఎర్ఫుర్ట్ డాక్టర్ మార్క్ ష్మిత్‌కు మ్యూనిక్ కోర్టు 2021 జనవరిలో నాలుగేళ్ల పది నెలల జైలు వేసింది. ఇతను అంతకుముందు సైక్లింగ్ జట్లకు డాక్టర్‌గా ఉన్నవాడే. డాక్టర్‌ను క్రీడ ఇచ్చే నిషేధం అంతగా భయపెట్టదు, అతనికి ఇంకో వృత్తి ఉంది. అతన్ని ఆపగలిగేది వైద్య లైసెన్సు పోవడం, జైలు. ఆ రెండూ ప్రభుత్వాల చేతుల్లో ఉన్నవి.

నా రెండో కొలమానానికి వస్తాను. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు జీవితకాల నిషేధం, అదే మందులు వాడిన సహచరులకు ఆరు నెలల నిషేధం పడటం పక్షపాతమని చాలామంది అంటారు. మందుల మోతాదును బట్టి చూస్తే పక్షపాతమే. కానీ అతని కేసులో బరువైన భాగం మందులు కావు. 1999లో బాసోన్స్ పత్రికలో డోపింగ్ గురించి రాస్తున్నాడని, ఆల్ప్ డుయెజ్ కొండకు వెళ్లే స్టేజీలో అతని పక్కకు సైకిల్ తీసుకొచ్చి టూర్ వదిలి వెళ్లిపొమ్మన్నాడు. బాసోన్స్ రేసు మధ్యలోనే ఇంటికి వెళ్లాడు. ఫెరారీకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన ఫిలిప్పో సిమియోనీ 2004లో ఒక స్టేజీలో ముందుకు దూసుకెళితే, మొత్తం పోటీలో తనకు ఏ రకంగానూ అడ్డు కాని ఆ రైడర్‌ను, పోటీలో అందరికన్నా ముందున్నవారు వేసుకునే పసుపు జెర్సీతో తానే వెంబడించి వెనక్కి రప్పించాడు. తిరిగి గుంపులోకి వస్తూ పెదవులకు జిప్ వేసుకున్నట్టు చేత్తో చూపించాడు. అది టీవీలో ప్రపంచమంతా చూసింది. నిజం చెప్పిన ఎమ్మా ఓరైలీని కోర్టుకు ఈడ్చాడు. కొత్తగా వచ్చిన ప్రతి రైడర్‌కూ ఈ దృశ్యాలు నేర్పింది ఒక్కటే: మందు వాడితే దొరక్కపోవచ్చు, నోరు విప్పితే మాత్రం బతుకు పోతుంది. కాదనడానికి ఇతరులకున్న వెసులుబాటును లాగేసుకున్నవాడు మిగతా రైడర్లతో ఒకే వరసలో నిలబడలేడు. వాడా నియమావళి 2021లో ఫిర్యాదుదారులను బెదిరించడాన్ని ప్రత్యేక ఉల్లంఘనగా చేర్చింది. నా దృష్టిలో అది ఆ నియమావళిలో చాలా ఆలస్యంగా వచ్చిన మంచి మాట.

అయితే ఆరు నెలల శిక్షల మీద నాకూ ఒక అభ్యంతరం ఉంది. ఆ సహచరులు నిజం చెప్పింది అమెరికా ఫెడరల్ దర్యాప్తు తలుపు తట్టాకే. వారి నిషేధం సెప్టెంబర్ నుంచి మార్చి దాకా, చాలావరకు రేసులు లేని చలికాలంలో గడిచిపోయింది. ఎవరూ అడగకుండానే ముందే చెప్పినవారికి ఏం దక్కిందో చూడండి. స్పెయిన్‌కు చెందిన కెల్మె జట్టు రైడర్ హేసుస్ మన్సానో 2003 టూర్‌లో రోడ్డు మీద కుప్పకూలాడు, 2004లో జట్టు డోపింగ్ గురించి పత్రికకు వివరంగా చెప్పాడు, దానితో అతని రైడర్ జీవితం ముగిసింది. సాక్ష్యానికి శిక్ష తగ్గించడం అవసరమే, అది లేకుండా 2012లో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ ఆర్మ్‌స్ట్రాంగ్ మీద బయటపెట్టిన వెయ్యి పేజీల ఆధారాలు వచ్చేవి కావు. కాని ఆ తగ్గింపును తప్పు చిన్నదన్న ప్రకటనగా ఎవరూ చదవకూడదు. ముందు చెప్పినవాడికి ఎక్కువ, చివర చెప్పినవాడికి తక్కువ అన్న మెట్లు అందులో ఉండాలి. ఆనాడు అవి లేవు.

డైరెక్టర్ల సంగతి మధ్యలో ఎక్కడో ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు విజయాలకూ డైరెక్టర్‌గా ఉన్న యోహాన్ బ్రునీల్‌కు మొదట పదేళ్ల నిషేధం పడి, 2018లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానంలో అది జీవితకాల నిషేధమైంది. సరైన శిక్ష, కానీ ఎన్నో ఏళ్లు ఆలస్యం. 1996 టూర్ విజేత బ్యార్నె రీస్ తాను ఈపీవో వాడానని 2007లో చెప్పాడు, గడువు దాటింది కాబట్టి టైటిల్ అతని పేరు మీదే ఉంది. అతను తరవాత సొంత జట్టు నడిపాడు. తన జట్టులో డోపింగ్ జరుగుతోందని తెలిసీ ఆపలేదని డెన్మార్క్ డోపింగ్ నిరోధక సంస్థ 2015లో తేల్చింది, అప్పుడూ గడువు దాటిపోయింది. రైడర్‌గా వాడటం ఒక తప్పు. ఆ మందు ఏం చేస్తుందో ఒంటికి తెలిసి, అది ఎలా మొదలవుతుందో తెలిసి, తన జీతం మీద ఆధారపడ్డ కుర్రాళ్ల విషయంలో ఊరుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. యజమానులకు, డైరెక్టర్లకు కాలపరిమితి గడియారం వారు జట్టు పని మానేసిన రోజు నుంచి మొదలవ్వాలని నేను చాలాకాలంగా వాదిస్తున్నాను.

స్పాన్సర్ల గురించి ఎక్కువ చెప్పను. గెలిస్తే ఫొటోలో ఉంటారు, పట్టుబడితే మేమే మోసపోయామంటారు. అందులో కొంత నిజముంది. అమెరికా తపాలా శాఖ స్పాన్సర్‌షిప్ డబ్బు కోసం లాండిస్ మొదలుపెట్టి, తరవాత అమెరికా ప్రభుత్వం చేరిన దావాలో ఆర్మ్‌స్ట్రాంగ్ 2018లో 50 లక్షల డాలర్లు కట్టి రాజీపడ్డాడు. కానీ జట్టు వైద్య ఖర్చులు చూసే హక్కు, ఇద్దరు రైడర్లు దొరికితే కాంట్రాక్టు రద్దయ్యే షరతు ముందే రాయించుకోగల శక్తి డబ్బిచ్చేవారికి ఉంది. ఆ శక్తిని వాడకపోవడమే వారి తప్పు. పత్రికల్లో చాలామంది చూసీ చూడనట్టు ఉన్నారు. కొద్దిమంది రాసి కేసులు ఎదుర్కొన్నారు.

మరి ఇప్పుడు ఇలాంటి కేసు వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? నేనైతే పాజిటివ్ వచ్చిన రైడర్‌ను నియమం ప్రకారం తక్షణం ఆపి, అదే రోజు జట్టు డాక్టర్ రికార్డులు, మందుల కొనుగోళ్ల చిట్టాలు, ప్రయాణ ఖర్చుల రసీదులు స్వాధీనం చేసుకుంటాను. ఒకే జట్టులో ఏడాదిలోపు ఇద్దరు పట్టుబడితే జట్టు మొత్తాన్ని 15 నుంచి 45 రోజులు ఆపే నియమం యూసీఐలో 2015 నుంచి ఉంది, ఆ ఏడాదే ఇటలీకి చెందిన ఆండ్రోనీ జట్టును 30 రోజులు ఆపారు. ఒక నెల విరామం స్పాన్సర్‌ను చికాకుపెడుతుంది గాని నిర్మాణాన్ని కదిలించదు. పోర్చుగల్‌లో 2022లో పోలీసు సోదాల తరవాత డబ్ల్యూ52 జట్టు లైసెన్సునే రద్దు చేశారు. వ్యవస్థీకృతంగా జరిగిందని తేలిన చోట సరైన శిక్ష అదే, దానికి తోడు జట్టులో పట్టుబడని, సహకరించని నిర్వాహకుల మీద వ్యక్తిగత నిషేధాలు ఉండాలి. లైసెన్సు ఒక్కటే తీసేస్తే అదే మనుషులు మరుసటి ఏడాది కొత్త జెర్సీ రంగుతో వస్తారు, అందరికన్నా ముందు మాలిష్ చేసేవాళ్లు, మెకానిక్‌లు రోడ్డున పడతారు.

చివరిగా టైటిళ్ల సంగతి. 1999 నుంచి 2005 దాకా ఏడు టూర్ల విజేత గడిని యూసీఐ ఖాళీగా ఉంచింది, అదే సరైన నిర్ణయమని నేను భావిస్తాను. ఆ ఏడు టూర్లలో రెండో స్థానంలో నిలిచినవారిలో అలెక్స్ జుల్లే 1998 ఫెస్టినా జట్టువాడు, యాన్ ఉల్‌రిష్ మూడుసార్లు రెండోవాడు, బాస్సో 2005లో రెండోవాడు. ఈ చివరి ఇద్దరి పేర్లూ ఫ్వెంతెస్ ఫైళ్లలోనే బయటపడ్డాయి. వారిలో ఎవరికి టైటిల్ ఇచ్చినా, ఒక మోసం స్థానంలో ఇంకో మోసానికి బహుమతి ఇచ్చినట్టే అవుతుంది. మందు ముట్టకుండా ముప్పయ్యో స్థానంలోనో నలభయ్యో స్థానంలోనో వచ్చిన రైడర్ ఎవరో రుజువు చేసే నమూనాలు ఇప్పుడు లేవు, కాబట్టి ఆ గడిలో రాయగలిగిన పేరూ లేదు.